బండిబాట కింది కేబుల్

భూమి లోపల ఏముందో పైనుంచే చెప్పగలిగినవాళ్ళు మా పలాస ప్రాంతంలో ఆ రోజుల్లో ఇద్దరే ఉండేవారు. ఒకరు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డచోట బావి తవ్వమనే పెద్దమనిషి. రెండోవాణ్ణి నేను. టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటర్‌ని కాబట్టి నాకు కొబ్బరికాయకు బదులు సర్కారు వారు ఒక మ్యాపూ, ఒక మీటరూ ఇచ్చారు. ఆయన చెప్పినచోట చాలాసార్లు నీళ్ళు పడేవి. నేను చెప్పినచోట కేబుల్ ఎన్నిసార్లు దొరికేదన్నది మర్యాదస్తులు అడగకూడని ప్రశ్న.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఉద్దానంలో, అంటే మా తీరం తోటల సీమలో, ఎక్కడో నిధి ఉందని ఎవరో పుకారు పుట్టించినట్టు అందరూ ఒకేసారి తవ్వడం మొదలుపెట్టారు. మంచినీళ్ళ పైపులకని ఒకరు, రోడ్డు వెడల్పుకని ఇంకొకరు, కల్వర్టుకని మరొకరు. తవ్వేముందు ఆ సంగతి మాకు రాయాలని రూలుంది. పాపం, రాసేవాళ్ళు. 'ఫలానా చోట తవ్వబోతున్నాము, మీ కేబుళ్ళు ఎక్కడున్నవో చూపించగలరు' అన్న ఉత్తరం, వాళ్ళు తవ్వి, పూడ్చి, దానిమీద గడ్డి మొలిచాక మా ఆఫీసుకి చేరేది. మేమేం తక్కువ తిన్నామా? గడ్డిని ఆవులు మేసేశాక, 'చూపించుటకు మనిషిని పంపుచున్నాము' అని జవాబు రాసేవాళ్ళం. ఆ మనిషిని కూడా నేనే.

మా శాఖ తెలివికి ఇంకో మచ్చుతునక చెబుతాను. మీ ఫోను పనిచేయకపోతే ఈ నంబరుకు ఫోను చేసి చెప్పండి అని డైరెక్టరీ మొదటి పేజీలోనే అచ్చు వేయించాం. ఊరికంతటికీ ఒకే ఫోనున్న పల్లెల్లో ఈ సదుపాయం ఎలా వాడుకోవాలో మాకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. అంచేత వాళ్ళు బస్సెక్కి వచ్చి చెప్పేవారు.

అలా ఒక శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వచ్చినవాడు, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఎస్టీడీ బూత్ నడిపే కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. చంకలో కర్రతో మా ఆఫీసు మెట్లెక్కి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మా ఫోను పొద్దుట్నుండి పలకట్నేదు."

"ఒక ఫోను కొట్టి చెప్తే పోయేది కదా," అన్నాను. అది నా హాస్యం. అతను నవ్వలేదు.

"రేపాదివారం సార్."

"ఆదివారం మాకు సెలవు."

"సెలవు మీకే సార్, గుజరాత్‌కి నేదు," అన్నాడతను. నాకు కోపం రావలసిన మాటే. కానీ నోటికి నోరు ఇచ్చేవాడంటే నాకు మొదట్నుంచీ కాస్త ఇష్టం. కుర్చీ చూపించాను.

ఆ పల్లెలో మగాళ్ళు సగంమంది గుజరాత్ రేవుల్లో పడవల మీద పనికి వెళ్ళేవారు. వారానికొకసారి, ఆదివారం, ఈ బూతుకి ఫోన్ చేసేవారు. అందరూ ఒకేసారి చేస్తే లైను దొరకదు కాబట్టి ఇతనొక పద్ధతి పెట్టాడు. ఎవరింటికి ఎన్ని గంటలకో బూతు గోడ మీద సుద్దముక్కతో రాశాడు. ప్రార్థనకి వెళ్ళే ఇళ్ళవాళ్ళకి చర్చి గుడి వదిలాక పదకొండు దాటిన టైములు, మిగతావాళ్ళకి పొద్దున్నే. అక్కడ రేవులో వాళ్ళు కూడా ఆ గోడ ప్రకారమే నడుచుకునేవారు. మా శాఖ మొత్తం మీద అంత క్రమశిక్షణ నేను చూడలేదు.

ఆ గోడ మీద పదకొండున్నర ఒక ఆడమనిషిది. ఆమె మొగుడు అప్పటికి రెండు సీజన్లు పడవ మీద చేశాడు. మూడోదానికి వెళ్ళి పది రోజులైంది. పడవ యజమాని, ఉంటావా పోతావా తేల్చిచెప్పమన్నాడు. అది మిగతావాళ్ళ పడవల్లా వారం వారం రేవుకొచ్చేది కాదు, సోమవారం ఎక్కితే ఎనిమిది నెలలు ఇంటికి రావడమూ లేదు, ఫోనూ లేదు. ఎక్కనంటే వేరేవాణ్ణి చూసుకుంటాడు. అతను కిందటి ఆదివారం ఫోన్ చేసి పెళ్ళాన్నే అడిగాడు: నువ్వు రమ్మంటే వచ్చేస్తాను, ఉండమంటే ఉండిపోతాను. బెంచీ మీద ఆడవాళ్ళంతా చెవులు రిక్కించి కూర్చునుంటే, ఆమె రిసీవరుకి కొంగు అడ్డం పెట్టుకుని, "వచ్చే ఆదివారం సెప్తాను" అని పెట్టేసింది.

"ఏం చెప్తుందట?" అని అడిగాను. ఊరి సంగతులంటే నాకూ సరదాయే.

"అది నాకెందుకు సార్? ఆ ఫోను ఆమె ఎత్తాల. అదొక్కటే నాకు తెల్సు. అతగాడు ఏ బూత్‌లోంచి సేత్తాడో, ఏ నంబరో మనకి తెల్దు. మనం సెయ్యడానికి నేదు."

సరే, రేపు పొద్దున్న మొదటి బస్సుకి వస్తానని మాటిచ్చాను. మాటివ్వడంలో మా శాఖకు ఎప్పుడూ లోటు లేదు.

ఆదివారం ఇద్దరు కూలీలతో దిగాను. రాత్రి వాన పడి వెలిసింది. తీరానికి ముందు పెద్ద ఊళ్ళో మా చిన్న ఎక్స్చేంజి ఉంది. అక్కడినుంచి ఈ పల్లెకీ, చుట్టుపక్కల పల్లెలకీ జీడితోటల్లోంచి కేబుల్ వెళ్తుంది. ఎక్స్చేంజిలో మీటరు పెట్టి చూస్తే, పద్దెనిమిది వందల మీటర్ల దగ్గర తెగిందని చూపించింది. శుభ్రంగా తెగింది, లోపలి తీగల జతలు ఒకదానికొకటి తగలకుండా. కారణం వెతకనక్కర్లేదు. మంచినీళ్ళ పైపులు వేసే కాంట్రాక్టరుగారి పొక్లెయినర్ ఆ వారమంతా అటే తిరుగుతోంది. తవ్వడం, పైపు పడుకోబెట్టడం, వెంటనే పూడ్చేయడం. తెగినచోటు కూడా మట్టికిందే ఉంది.

అదేం పెద్ద చిక్కు కాదు. ఆ కేబుల్ దారి పొడుగునా మా రూటు రాళ్ళున్నాయి. మూరెడెత్తు సిమెంటు దిమ్మలు, కింద కేబుల్ ఉందని గుర్తు. తోటలోకి వెళ్ళి చూద్దును కదా, ఒకదాని వెనక ఒకటి, దారం పట్టి పాతినట్టు తిన్నగా ఉన్నాయి. అంత తిన్నటి వరస మా జిల్లాలో ఇంకెక్కడా లేదు. చూసి కాస్త పొంగిపోయాను కూడా, ఎందుకంటే అయిదేళ్ళ కిందట ఆ కేబుల్ దగ్గరుండి వేయించింది నేనే.

రాళ్ళ వెంట టేపు పట్టి పద్దెనిమిది వందల మీటర్లు కొలిచాం. తొమ్మిది కాకముందే గునపం దింపాం. మీటరు లోతు తవ్వాం, ఇసకొచ్చింది. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు తవ్వాం. ఇసక, జీడివేర్లు, ఒక పాత కుండపెంకు. కేబుల్ లేదు. ఇంకో రాయి దగ్గరకి జరిగి అక్కడ తవ్వాం. అక్కడ కుండపెంకు కూడా లేదు.

అంతలో తోట ఆసామి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, భుజాన తువ్వాలు, నోట్లో చుట్ట. గట్టు మీద నిలబడి నా గోతిలోకి తొంగిచూశాడు.

"ఏటి బావూ, ఇక్కడ తవ్వుతన్నారు?"

"మీ తాత లంకెబిందెలు దాచాడంటగా మావా, సగం సగం చేసుకుందాం," అన్నాను.

"అది కాదు బావూ. ఇక్కడ నేదు గదా..."

"ఇక్కడ లేదని నీకెవరు చెప్పారు? శాఖలో ఎప్పుడు చేరావు? నాకు కబురే లేదే."

"నా మాట ఇనండి..."

"నీ మాట తర్వాత వింటాను. ముందు రాళ్ళెందుకు జరిపావో అది చెప్పు."

నా అనుమానానికి ఆధారం లేకపోలేదు. మా రూటు రాళ్ళకి ఉద్దానంలో గొప్ప గిరాకీ. ఒక ఊళ్ళో మా రాయి బట్టలుతికే బండ అయింది. ఇంకో ఊళ్ళో దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు, ఇప్పుడు తవ్వాలంటే ముందు కోడిని కొయ్యాలి. మరోచోట అన్నదమ్ములు కొబ్బరితోట పంచుకుంటూ మా రాళ్ళు పెరికి గట్టురాళ్ళుగా పాతుకున్నారు. వాళ్ళ తగువు తేల్చడానికి నన్ను సాక్షిగా పిలుస్తూనే ఉన్నారు. అందుకని ఈయన కూడా రాళ్ళు తనకి అనుకూలంగా జరుపుకున్నాడని ఖాయం చేసుకున్నాను. ఖాయం చేసుకోవడానికి నాకు ఎప్పుడూ ఎక్కువ సమయం పట్టదు.

"రాళ్ళు నాను ముట్టుకున్నానా?" అన్నాడాయన. చుట్ట నోట్లోంచి తీశాడు. "నాను ముట్టుకున్నానని నీకెవుడు సెప్పినాడు?"

"రాళ్ళకి కాళ్ళొచ్చి నడిచాయనుకోమంటావా?"

ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, మొగలిపొదల పక్కన గట్టు మీద చతికిలబడి చుట్ట మళ్ళీ వెలిగించుకున్నాడు. నేను గెలిచానన్నమాట.

ఆ ఊపులోనే తోట బయట బండిబాట పక్కన నిలిపి ఉన్న పొక్లెయినర్ దగ్గరకి వెళ్ళాను. ఆదివారం కదా, డ్రైవరు దాని నీడలో మూడు రాళ్ళు పెట్టుకుని అన్నం వండుకుంటున్నాడు. కేబుల్ తెగినచోటల్లా నేను అనే మొదటి మాట ఒకటుంది, అది అన్నాను.

"కళ్ళు నెత్తికెక్కాయేటి? రాళ్ళు కనపళ్ళేదా?"

"కనబడ్డాయి సార్," అన్నాడతను నిలబడి. "మీ రాళ్ళు సూసే తవ్వినాను. రాళ్ళు తోటలో ఉన్నాయి గదా, కేబులుకి తగలకుండా దూరంగా బండిబాటలోంచి పోనిచ్చినాను."

"అబ్బో! మరి తెగిందెలాగ? ఎలకలు కొరికాయా?"

"కేబులు తెగనేదు సార్. బాటలో ఒక నల్లటి యేరు తెగింది. పనస యేరేమో అనుకున్నాను."

"పనసచెట్టు లేనిచోట పనసవేరు! చెట్ల చదువు కూడా చదివావేటి నాయనా?"

నా కూలీలిద్దరూ నవ్వారు. నాకు తృప్తిగా అనిపించింది. తిరిగి గోతి దగ్గరకొచ్చి, మూడో రాయి దగ్గర తవ్వమన్నాను. ఆ రోజు గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ఎక్కువ సిగ్గేసేది ఇక్కడే. జవాబు తెచ్చి చేతిలో పెడితే దాన్ని జోకు చేసి పారేశాను. ఆసామి దాన్ని ఇవ్వబోతే పుచ్చుకోలేదు, డ్రైవరు ఇచ్చేస్తే విసిరికొట్టాను. అప్పటికి పదింబావు. ఆ క్షణంలో వెళ్ళి బండిబాటలో గునపం వేసి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పనే ఉండేది కాదు.

పదకొండుకి పల్లెవైపు నుంచి వినిపిస్తున్న పాటలు ఆగిపోయాయి. గుడి వదిలారు. కాసేపటికి తోటలోకి నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు, వెనకాల బూత్ కుర్రాడు కర్ర మీద. ముందున్నామె పాతికేళ్ళ మనిషి, ప్రార్థనకి కట్టుకున్న తెల్లచీర, చేతిలో గుడ్డలో చుట్టిన బైబిలు. ఎవరని అడగనక్కర్లేకపోయింది.

ఆమె గోతి అంచుకి వచ్చి నిలబడింది. లోపల ఇసక తప్ప ఏమీ లేదని ఆమెకీ కనబడుతోంది.

"పదకొండయిపోనాది బావూ," అంది. నిష్ఠూరం కాదు. టైము చెప్పింది, అంతే.

"చేస్తున్నామమ్మా, వీళ్ళు రాళ్ళు జరిపేశారు, నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

అప్పుడు గట్టు మీదనుంచి ఆసామి లేచాడు. నా వైపు చూడలేదు. ఆమెతోనే చెప్పాడు.

"ఓలమ్మా, ఈ బావు ఎతుకుతున్న తీగ ఇక్కడ నేదు. అది ఏసిన దినం నా జీడి పూత మీదున్నాది. యేర్లు తెగితే పూత రాలిపోద్దని నానడ్డెట్టినాను. ఈ బావే సరేననీసి, బండిబాట మీంచి తిప్పించినాడు. రాళ్ళు మట్టుకు తిన్నగా తోటలో పాతీసి ఎల్లిపోనాడు. పొద్దుట్నుండి సెప్దారంటే ఇంటేనా?"

ఇదంతా ఆయన చెబుతుంటే నాకు ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. మాఘమాసం. తోటంతా జీడిపూత వాసన. పూత మీదున్న చెట్టు మొదట్లో గునపం వేస్తే ఆ యేడు కాపు పోయినట్టేనని ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. ఈయన చెట్టు ముందు పడుకున్నంత పని చేశాడు. ఇంకోరోజైతే గంటసేపు వాదించి ఉందును. ఆ సాయంత్రం సంతబొమ్మాళిలో మా మరదలి పెళ్ళి. టెక్కలిలో బస్సు అందుకోవాలి. అంచేత నాలోని దయాగుణం ఉప్పొంగింది. సరే మావా, నీ పూత నీకుండనీ అని, కేబుల్ని తోటచుట్టూ బండిబాట కిందనుంచి తిప్పించాను. మీటరు లోతు తవ్వించాలని రూలు. బాట గట్టిగా ఉంది, బస్సుకి టైమవుతోంది. మూరెడు లోతు చాలన్నాను. రాళ్ళు అప్పటికే తోటలో దింపేసి ఉన్నాయి, దింపినచోటే పాతేయమన్నాను. మ్యాపు అంతకు ముందువారమే గీసేశాను, తిన్నగా. వంకర గీస్తే ఎందుకు వంకరో వేరే కాగితం రాయాలి. తిన్నటి గీతకి సంతకం చాలు. పెళ్ళిభోజనం మాత్రం బాగా కుదిరింది, పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకున్నాను.

మీటరు అబద్ధం చెప్పలేదు. పద్దెనిమిది వందల మీటర్లు నిజమే, కాకపోతే కేబుల్ వెంట. నేను రాళ్ళ వెంట కొలిచాను. ఆసామి రాళ్ళు జరపలేదు, డ్రైవరుకి కళ్ళు నెత్తికెక్కలేదు. పాపం, అతనొక్కడే మా శాఖ రాళ్ళని నమ్మిన మొనగాడు. నమ్మి, కేబుల్ మీదకి సరిగ్గా వెళ్ళాడు.

పారలు పట్టుకుని బండిబాటకి పరుగెత్తాం. డ్రైవరు అన్నం కుండ దించేసి, యంత్రం ఎక్కి, నిన్న పూడ్చిన మట్టి తీసిపెట్టాడు. పది నిమిషాల్లో పనసవేరు బయటపడింది. నల్లగా, రెండు ముక్కలుగా, పైపు పక్కన పడి ఉంది.

కేబుల్ అతకడం తొందరపడితే అయ్యే పని కాదు. లోపల నీళ్ళు చేరకుండా జిగురు నింపి ఉంటుంది. అది చేతులకంటుకుంటుంది, దానికి ఇసకంటుకుంటుంది. యాభై జతలు, ఒక్కొక్క జతకి ఒక రంగు. రెండు వైపులా తెగిన కొస తాకించాలంటే మధ్యలో ముక్క వేయాలి. ముందు బూతు జత ఒక్కటే కలుపుదామనుకున్నాను, తెలుపూ నీలం. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, ఒక జత తీగ ఒలవడానికి మూడుసార్లు తెంపుకున్నాను. గోతిమీద ఆమె నిలబడే ఉంది. కాసేపాగి బూతుకి వెళ్ళిపోయింది, అక్కడ ఉండాలి కదా. పదకొండున్నర అయినప్పుడు నా వాచీ నేను చూసుకోలేదు. కూలీల్లో ఒకడు చూసుకుని, తల దించుకున్నాడు.

పన్నెండూ పదికి జత కలిసింది. బూతుకి వెళ్ళాను. రిసీవరెత్తితే డయల్ టోన్ నిక్షేపంగా ఉంది. బూత్ కుర్రాడు పళ్ళెంలో పెట్టినట్టు ఫోన్ని బల్ల అంచుకి జరిపాడు. బెంచీ ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. బైబిలు రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, సరిగ్గా ఆమె టైము రాసిన చోట.

కొంతసేపయ్యాక నన్నడిగింది. "బావూ, ఇక్కడ తీగ తెగిపోయుంటే, అక్కడ అతనికి ఏటి ఇనిపిత్తాది?"

ఇక్కడ మా విద్యలో ఒక మర్మం చెప్పాలి. మనం ఫోన్ చేస్తే చెవిలో వినబడే ట్రింగ్ ట్రింగ్ అవతలింట్లో మోగే గంట కాదు. అది ఎక్స్చేంజి వినిపించే చప్పుడు. మధ్యలో తీగ శుభ్రంగా తెగిపోయినా ఎక్స్చేంజికి తెలియదు. అక్కడ చేసినవాడికి రింగ్ వెళ్తూనే ఉంటుంది. ఇక్కడ చడీచప్పుడూ ఉండదు. అంటే ఆ రేవులో ఆ మనిషి పదకొండున్నరకి రింగ్ విన్నాడు. ఎవరూ ఎత్తకపోవడం విన్నాడు.

ఇది ఆ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. పొద్దున్నుంచీ ఊరందరిమీదా నోరు పారేసుకున్నవాణ్ణి, ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే తరవాతి ప్రశ్న ఏమిటో తెలుసు. తప్పెవరిదని. అక్కడ ఆసామి కూడా నిలబడి ఉన్నాడు.

"ఏమీ వినిపించదమ్మా," అన్నాను. "లైను పోయిందని తెలిసిపోతుంది."

ఆమె మొహం తేటపడింది. "అయితే పర్వానేదు. మళ్ళీ సేత్తాడు," అని అప్పుడు బెంచీ మీద కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా, అవును మళ్ళీ సేత్తాడు, సెయ్యకేటి అన్నారు. నేను మిగతా జతలు అతకాలన్న వంకతో బయటపడ్డాను.

సాయంత్రం దాకా అతికాను. మధ్యలో రెండుసార్లు ఫోన్ మోగడం బాట దాకా వినబడింది. రెండుసార్లూ వేరేవాళ్ళకి. ఆఖరి బస్సుకి నేను వెళ్ళేటప్పుడు బూత్ ముందు నుంచే పోవాలి. ఆమె ఇంకా అక్కడే ఉంది. నన్ను చూసి, "శ్రమపడ్డారు బావూ" అంది. నాకు తిట్టు అలవాటే. తిట్టి ఉంటే బాగుండేది.

తరవాతి ఆదివారం గుజరాత్ నుంచి వేరే ఇంటివాళ్ళకి వచ్చిన ఫోన్‌లో కబురు తెలిసిందట. అతను సోమవారమే పడవెక్కేశాడు.

నేను మళ్ళీ వెళ్ళింది ఆ వారమే, ఎవరూ చెప్పకుండా. గునపం పట్టుకెళ్ళి రాళ్ళు పెరికి బండిబాట వెంట పాతాను. ఆసామి వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. క్షమించు మావా, నోరు జారాను అన్నాను. ఆయన చుట్ట తీసి, "తీగ తిప్పిన ఆ యేడు మట్టుకు జీడిపిక్క బాగా దిగింది బావూ," అన్నాడు. ఆఫీసులో మ్యాపు మాత్రం తిన్నగానే ఉండిపోయింది. దాన్ని సరిచేయాలంటే ఎందుకు వంకరో కాగితం రాయాలి కదా.

ఎనిమిది నెలలు గడిచాయి. ఎండలు ముదిరాయి. బూతులో రిసీవరు తీగ పాడైందంటే మార్చడానికి వెళ్ళాను. అక్కడ బెంచీ మీద ఒక మనిషి, ఎండకి నల్లగా మాడిపోయి, పక్కన ఆమె. ఆ రోజు తెల్లచీర కాదు. నన్ను చూపించి మొగుడితో ఏదో చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు.

"ఆ దినం తీగ అతికింది మీరేనంట గదా బావూ. మా ఆడది సెప్పింది, తెగిపోనాదంట గదా. నాకేటి తెల్సు? రింగు బాగానే ఎల్లింది. మూడుపాల్లు సేసినాను. సాలా సేపు ఇన్నాను. ఎత్తనేదు. రమ్మనడం ఇట్టం నేక, ఒద్దని నోట అన్నేక, రాకుండా మానీసింది గావాల అనుకున్నాను. అనుకోనీసి ఎక్కీసినాను."

నవ్వుతూనే చెప్పాడు. అయిపోయిన సంగతి కదా, అతనికి. ఎనిమిది నెలలు పెళ్ళాం తనని వద్దనుకుందనుకుంటూ సముద్రం మీద తిరిగిన మనిషి, ఇప్పుడు ఇంటికొచ్చి అసలు సంగతి తెలిసి నవ్వుతున్నాడు.

ఆమె నవ్వడంలేదు. నా మొహంలోకే చూస్తోంది.

"రింగు ఎల్తాదా బావూ?" అంది. "మీరు ఇనిపించదన్నారు."

దాటవేయడానికి నాకు పది మాటలు తెలుసు. వాటిని వదిలేశాను. "వెళ్తుందమ్మా," అన్నాను. "నాకు ఆ రోజే తెలుసు. అబద్ధం చెప్పాను. తప్పు నాదని భయపడ్డాను. ఆ కేబుల్ బాట కింద పైపైన వేసి, రాళ్ళు తోటలో పాతించిందీ నేనే."

"తీగ సంగతి తెల్సు బావూ. తోట మావ ఆ దినం మీ ముందరే సెప్పినాడు గదా. దానికి నానేటీ అనుకోనేదు, పనన్నాక తప్పొత్తాది." ఆమె గొంతు పెరగలేదు. "రింగు సంగతి సెప్పుంటే, ఆ మజ్జాన్నమే పలాసెల్లి రేవులో ఆ పడవోడి పేర తంతి కొట్టించుదును. ఒక్క మాటే బావూ. వచ్చీ అని."